కోళ్ళకు బోర్లించిన పడవ

మైపాడు పట్టపుపాళెం,
6-7-1961, గురువారం.

చిరంజీవి తమ్ముడు చిన్నపోలయ్యకు అక్క పేరమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం ఉన్నాం. క్షేమమని రాయడానికి చెయ్యి రాలేదు కనుక ఉన్నామని రాశాను.

మొన్న తెల్లవారి పెరటి తలుపు తీసేసరికి కోళ్ళ గంప తిరగబడి ఉంది. పెరడంతా ఈకలు. తొమ్మిది పెట్టల్లో మూడు చచ్చి పడి ఉన్నాయి. మూడింటికీ తలల్లేవు. ఒళ్ళు ముట్టుకోలేదురా! తినిపోతే ఆకలి అనుకుందుం, తలలు కొరికి రక్తం తాగి పోయింది. ముంగిస పని అని చూసినవాళ్ళంతా అన్నారు. నేను ఆ ఈకల మధ్య ఎంతసేపు చతికిలబడి ఉన్నానో నాకే తెలియదు.

నీకిదంతా కోళ్ళ గోలలా ఉందేమో. మీ బావకు క్షయ అని నెల్లూరు పెద్దాసుపత్రిలో చెప్పి మూడు నెలలైంది. అప్పటి నుంచి ఆయన సముద్రంలోకి పోలేదు. ప్రతి మంగళవారం నేను బస్సెక్కి పోయి వారానికి సరిపడా మాత్రలు తెస్తున్నాను. "మాత్ర చేసేది సగమేనమ్మా, మిగతా సగం తిండి. రోజూ రెండు గుడ్లు తప్పకూడదు" అని డాక్టరు గట్టిగా చెప్పాడు. రోజూ గుడ్లు కొనగలిగిన ఇల్లా మనది? అందుకే నా మేకను ఇచ్చి ఈ తొమ్మిది పెట్టల్ని తెచ్చుకున్నాను. నాకవి కోళ్ళు కావు, ఆయన ఊపిరి. ఆరు మిగిలాయి.

గంప కింద మూసి రాయి పెడితే ముంగిస ఇక ఆగదు. వడ్రంగిని చెక్క గూడు అడిగితే అతను చెప్పిన ధర విని, మనుషులకే అంత ఖరీదైన ఇల్లు లేదయ్యా అని వచ్చేశాను. నువ్వు మద్రాసులో కట్టెల అడితిలో పని చేస్తున్నావు. ఖర్చు లేకుండా, ముంగిస దూరకుండా గూడెలా కట్టాలో రాయి.

పక్కింటి మగ్దలీనమ్మ కోళ్ళు ఎనిమిది. ఇన్నేళ్ళలో ఒక్కటి పోలేదు. మన వాకాడులో మనకు అక్షరాలు దిద్దించిన సమాధానం అనే పంతులుగారి భార్యే ఆమె. ఆయన ఇక్కడికి బదిలీ అయి వచ్చి ఇదే జబ్బుతో పోయారు కదా. ఆమెనడుగుదామంటే మా అత్త నాగులమ్మ ఆ గడప తొక్కనివ్వదు. "ఆ ఇంటి గాలి మనకొద్దుమే. ఆ చేతి మెతుకు నా బిడ్డ నోట్లో పడిందంటే నేను చూస్తా ఊరుకోను" అంటుంది. ఆమె భయం ఆమెది.

త్వరగా రాయి.
నీ అక్క,
పేరమ్మ


రాయపురం, మద్రాసు,
10-7-1961.

పూజ్యురాలైన అక్కకు, బావకు, నాగులమ్మత్తకు నమస్కారాలు.

ఉత్తరం చదివి అన్నం ముందు నుంచి లేచిపోయాను. తలలు మాత్రమే కొరికి పోయిందా! నేను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు మేడ మీద కిరసనాయిలు పెట్టెలో కోళ్ళను పెంచుతుంది. ఆమెకు చెబితే చెంబు జారవిడిచింది. అరవంలో ఏదో అన్నది, తిట్టో శాపమో నాకు తెలియలేదు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. రోజూ వెయ్యి చెక్కలు చూసేవాణ్ణి, నా మాట మీద నమ్మకముంచు. ఇక్కడి నుంచి పెట్టె చెక్కలు పంపితే రైలు కూలి చెక్కకంటే ఎక్కువవుతుంది. ఇంట్లో ఇల్లు పెట్టుకుని ఇల్లు వెతుక్కోవడమెందుకు? బావ పడవ పెరటి వెనుక ఎండుతోంది కదా. అడుగు పలకకు పురుగు పట్టింది, ఈ ఏడు నీళ్ళకు పనికిరాదని నువ్వే రాశావు. దాన్ని పెరట్లోకి లాగి బోర్లించండి. అంతకంటే గట్టి కప్పు కలెక్టరు బంగళాకు కూడా ఉండదు.

అంచులు ఇసుకలో మూరెడు లోతుకు దిగాలి. ముంగిస తవ్వుకుని వస్తుంది, మరిచిపోవద్దు. ఒక పక్క పలక కోసి తలుపు చేసి తాళం వేయి. ఇంకో పక్క గాలికి జానెడు రంధ్రం ఒకటి పెట్టు. లేకపోతే లోపల ఉడికిపోతాయి. లోపల అడ్డంగా తెడ్డు ఒకటి బిగిస్తే కోళ్ళు దాని మీద ఎక్కి కూర్చుంటాయి. చూశావా, కానీ ఖర్చు లేకుండా మేడ కట్టించాను.

నాగులమ్మత్తను పెద్ద మనసు చేసుకోమను. పడవ పుచ్చిపోయే బదులు ఆమె కొడుక్కు గుడ్లు పెట్టిస్తుంది.

ఇట్లు,
నీ తమ్ముడు,
చిన్నపోలయ్య


మైపాడు,
26-7-1961, బుధవారం.

చిరంజీవి తమ్ముడికి దీవెనలు.

నువ్వు చెప్పినట్టే చేశాం. నీ ఉత్తరం అందిన మరునాడే పాళెం మగవాళ్ళు ఎనిమిది మంది వచ్చారు. పడవ పక్కన నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బరువుకు వెనకాడుతున్నారనుకున్నాను. మీ బావ అరుగు మీద నుంచే "చూస్తారేందిరా, పట్టండి. నేనెక్కలేని పడవ, కోళ్ళన్నా ఎక్కనీ" అని నవ్వాడు. ఆ నవ్వుకు దగ్గు వచ్చి చాలాసేపు ఆగలేదు. మా అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. మంచి పడవకు తలుపు కోశామని బాధ అనుకుని, నేనూ కదిలించలేదు.

గూడు మాత్రం బంగారం! రెండో రోజే ముంగిస వచ్చి చుట్టూ గీరి గీరి పోయింది. ఆ గోటి గీతలు చూసి ఎంత సంతోషించానో! నేను నెల్లూరు పోయే మంగళవారం మాత్రం పగలంతా కోళ్ళను లోపలే ఉంచి తాళం వేసి పోతున్నాను. మీ బావ లేచి తోలలేడు, అత్తకు చూపు ఆనదు.

అక్కడే దెబ్బ తగిలింది తమ్ముడూ. పోయిన మంగళవారం సాయంత్రం వచ్చి తాళం తీసి లెక్కపెడితే ఐదే ఉన్నాయి. నేనే తప్పు లెక్కపెట్టానేమోనని సర్దుకున్నాను. నిన్న మళ్ళీ మంగళవారం. వచ్చి చూస్తే నాలుగు! తాళం వేసినట్టే ఉంది. ఇసుక తవ్వినట్టు లేదు. ఈక లేదు, రక్తపు బొట్టు లేదు. తాళంచెవి ఇంట్లో మేకుకే ఉంది. మేకు దగ్గర ఉన్నదెవరు? మా అత్త, మీ బావ. వాళ్ళను అనుమానిస్తే కళ్ళు పోతాయి.

ఒక్కటే వింత. కోళ్ళు తగ్గినా గుడ్లు తగ్గలేదు. రెండు పెట్టలు పొదగడానికి కూర్చున్నాయి. అయినా పొద్దున్నే చూస్తే లోపల రంధ్రం పక్కన రెండు గుడ్లు ఉండనే ఉంటున్నాయి. పడవ అచ్చివచ్చింది అనుకుంటున్నాను. కానీ కోళ్ళే లేకపోతే గుడ్లెన్నాళ్ళు? ఏం చేయాలో రాయి. 

నీ అక్క,
పేరమ్మ


రాయపురం,
30-7-1961.

అక్కకు నమస్కారాలు.

తాళం వేసిన పడవలో నుంచి కోడి ఎగిరిపోయిందా! అడితిలో నా పక్కన పని చేసే జయకుమార్‌కు చదివి వినిపించాను. వాడు "దెయ్యం" అన్నాడు. నేను దెయ్యాలను నమ్మను. దెయ్యం మంగళవారం మంగళవారం లెక్కగా వస్తుందా?

తప్పు నాదేనక్కా. రంధ్రం జానెడు పెట్టమన్నాను. జానెడు రంధ్రంలో చెయ్యి దూరుతుంది, కోడీ దూరుతుంది. గొంతు పట్టి లాగితే కూత కూడా బయటికి రాదు. నువ్వు మంగళవారం ఇంట్లో ఉండవని తెలిసినవాళ్ళెవరు? రంధ్రం ఎవరి కంచె వైపుంది? ఇన్నేళ్ళలో ఒక్క కోడీ పోనిది ఎవరికి? నువ్వే రాశావు. దొంగ సొంతింట్లో దొంగతనం చేసుకోదు కదా.

ఆ పేరు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. పంతులుగారి ఇల్లది. కానీ ఒంటరి ఆడది, ఆదాయం లేదు. ఆకలి ఎవరి చేతనైనా ఏ పనైనా చేయిస్తుంది. నువ్వు రెండు మూడు పొద్దులు చాటుగా కాపు కాయి. పట్టుబడితే మాత్రం మొహమాటపడి వదిలేయకు. పాళెం పెద్ద, పెదకాపు దగ్గర చెప్పు. ఒక్కసారి వదిలేస్తే బావ ప్రాణానికే ఎసరు.

నీ తమ్ముడు,
చిన్నపోలయ్య


మైపాడు,
9-8-1961, బుధవారం.

తమ్ముడికి దీవెనలు.

నీ మాటే నిజమైంది. నిజమైనందుకు సంతోషం లేదు.

ఒకటో తేదీ మంగళవారం మూడో కోడి పోయింది. నీ ఉత్తరం అందాక మూడు పొద్దులు వలల కుప్ప వెనుక కూర్చున్నాను. రెండు పొద్దులు తెల్లారాక పోతే ఎవరూ కనిపించలేదు. శనివారం చీకటితోనే కూర్చుంటే, వెలుగు వచ్చే వేళకు మగ్దలీనమ్మ కంచె దగ్గరికొచ్చింది. అటూ ఇటూ చూసింది. వంగి, రంధ్రంలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది.  నోటి నుంచి కేక ఎప్పుడు వచ్చిందో తెలియదు. పాళెమంతా పోగైంది.

ఆమె చెయ్యి తీసి పిడికిలి పైట కింద పెట్టుకుంది. "ఏం తీస్తా ఉండావు?" అని అడిగాను. మా అత్త బయటికి వచ్చింది. మగ్దలీనమ్మ మా అత్త మొహం చూసి తల దించుకుంది. తమ్ముడూ, తల దించుకున్న మనిషిని దొంగ కాదని ఎలా అనుకోను?

ఆదివారం పెద్దలు కూర్చున్నారు. పెదకాపు రమణయ్య మూడుసార్లు అడిగాడు. "నేను కోడిని తియ్యలా" అన్నది. "మరి చెయ్యెందుకు పెట్టినావు?" అంటే మళ్ళీ అదే మాట అన్నది. ఒప్పుకునే దాకా దురాయి వేశారు. ఎవరూ ఆమెతో మాట్లాడకూడదు, బావిలో నీళ్ళు తోడుకోనివ్వకూడదు, నిప్పు ఇవ్వకూడదు, ఆమె గుడ్లు కొనకూడదు. దురాయి వేసినప్పుడు నేనక్కడే ఉన్నాను. చాలు అని ఒక్క మాట అనలేదు.

ఇంతటితో పోయిందా? నిన్న మంగళవారం నెల్లూరు నుంచి వచ్చి చూస్తే నాలుగో కోడి కూడా లేదు! దురాయిలో ఉండి కూడా తీసిందంటే ఎంత పంతం! ఇప్పుడు రెండే ఉన్నాయి. పైగా శనివారం నుంచి గుడ్లు కూడా ఆగిపోయాయి. నా కేకకు కోళ్ళు బెదిరాయేమో.

మీ బావ మాత్రం "ఆమె అట్టాంటిది కాదే. నువ్వు తొందరపడినావు" అంటున్నాడు. నాలుగు రోజులుగా ఆయనకు గుడ్డు లేదు. మాటకు ముందు ఆయాసం వస్తోంది. అంత మెత్తని మనిషికి అన్నీ మెత్తగానే కనిపిస్తాయి.

నీ అక్క,
పేరమ్మ


రాయపురం,
13-8-1961.

అక్కకు నమస్కారాలు.

దురాయి అన్న మాట చూసి ఉలిక్కిపడ్డాను. మందలించి వదులుతారనుకున్నాను గానీ నీళ్ళు ఆపుతారనుకోలేదు. పంతులుగారు నా చెయ్యి పట్టి ఇసుకలో దిద్దించిన అక్షరాలతోనే ఆమె మీద నీకు రాశానే అని మనసులో ముల్లు గుచ్చుకుంటోంది. కానీ దురాయిలో ఉండి నాలుగోది తీసిన మనిషిని ఏమనాలి? రంధ్రానికి వల ముక్క మేకులతో కొట్టేయి. తాళం మార్చు.

ఒక తమాషా చెబుతాను, బావకు చదివి వినిపించు. మీ మైపాడు వైపు ముసలాయన ఒకడు తెడ్ల కర్ర కోసం మా అడితికి వచ్చాడు. మన పడవ గూడు సంగతి గొప్పగా చెప్పాను. ఆయన మొహం తెల్లబోయింది. "మనిషి ఇంట్లో బతికుండంగానే పడవ బోర్లించినారా?" అన్నాడు. టీ ఇప్పిస్తానన్నా నిలబడకుండా వెళ్ళిపోయాడు. ఏం చాదస్తమో! నేనూ జయకుమార్ చాలాసేపు నవ్వుకున్నాం.

నీ తమ్ముడు,
చిన్నపోలయ్య


మైపాడు,
17-8-1961, గురువారం.

తమ్ముడూ,

దీవెనలు రాసే స్థితిలో లేను. నీ తమాషా ఉత్తరం నిన్న అందింది. ఒక్క రోజు ముందు అందినా ఆ ముసలాయన మాటకు నేను నవ్వేదాన్నేమో. నిన్న మాత్రం చదివి, మీ బావకు వినిపించకుండా మడిచి దాచాను.

మొన్న మంగళవారం ఎప్పటిలాగే నెల్లూరు పోయాను. ఆసుపత్రి గేటు మీద జెండా ఎగురుతోంది. మందులిచ్చే గది మూసి ఉంది. ఆగస్టు పదిహేనని నాకు గుర్తే లేదు. పిల్లలకు పంచే పిప్పరమెంటు బిళ్ళ ఒకటి నా చేతిలో కూడా పెట్టారు. దాన్ని పట్టుకుని వచ్చిన బస్సులోనే తిరిగి వచ్చాను. మిట్టమధ్యాహ్నానికి ఇల్లు చేరాను.

పెరట్లో పడవ తలుపు తెరిచి ఉంది. మా అత్త ఒడ్డు వైపు నడిచిపోతోంది. కొంగు కింద ఏదో కొట్టుకుంటోంది. నడుముకు తాళంచెవి వేలాడుతోంది. నేను పిలవలేదు.  వెనుకే నడిచాను. ఒడ్డున గంగమ్మ రాయి దగ్గర ఆగింది. రాయి చుట్టూ నాలుగు చోట్ల ఈకల కుప్పలు, పసుపు కుంకుమ. నా కోళ్ళ ఈకలు నాకు తెలియవా!

కొంగు కింది నుంచి కోడిని తీసి, కత్తి పక్కన పెట్టుకుని, "తల్లీ, ఇదుగో ఐదోది. పడవ బోర్లించినారు గానీ మనిషిని బోర్లించబాక. కోడి ఎనకాల కోడి ఇస్తా ఉండా, నా బిడ్డను నాకొదులు" అని ఏడుస్తోంది.



"అత్తా" అన్నాను. ఆమె చేతిలో కోడి జారి నీళ్ళ వైపు పరిగెత్తింది. నన్ను చూసి ఆమె బెదరలేదు, దాచలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. ఇక్కడ పడవ నడిపే మనిషి పోతే, పదకొండో రోజున అతని పడవను ఇంటి ముందు బోర్లిస్తారట. బతికుండగా ఎవరూ బోర్లించరట. ఎనిమిది మంది ఎందుకు మొహాలు చూసుకున్నారో ఇప్పుడు తెలిసిందా? మన వాకాడు వైపు తెప్పలే కదా. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగలు ఆరబెడతాం. దుంగకు బోర్లా ఏమిటి, వెల్లకిలా ఏమిటి? నీకూ తెలియదు, పెళ్ళై వచ్చాక ఇక్కడ పడవ మనిషి పోగా చూడని నాకూ తెలియదు. తెలియనివాళ్ళం ఇద్దరం కలిసి ఒక తల్లి కళ్ళ ముందు ఆమె కొడుక్కు బతికుండగానే పదకొండో రోజు చేశాం.

"చెప్పకూడదా అత్తా?" అన్నాను. "నోటితో అంటే నిజమవద్దిమే. వాడే పట్టండి అన్నాక నేనేమని చెప్పేది?" అన్నది.

ఇంటికొచ్చి మీ బావను నిలదీశాను. నీకు తెలిసి ఎందుకు బోర్లించమన్నావు అన్నాను. ఆయన గోడ వైపు తిరిగాడు. "ఎట్టాగూ పోయేవాణ్ణే కదా పేరీ. పడవ నీ కోళ్ళకన్నా పనికొస్తాదని ఊరుకున్నా" అన్నాడు. నెలల తరబడి నేను రోజూ లెక్కపెట్టి గుడ్లు తినిపిస్తున్నాను. ఆ మనిషి లోపల ఎప్పుడో చచ్చిపోయి కూర్చున్నాడు. నేను ఏడవలేదు. నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు.

ఆయన్ని బతికించాలని నేను కోళ్ళను పెంచాను. అదే మనిషిని బతికించాలని ఆమె వాటిని కోసింది. మధ్యలో మగ్దలీనమ్మ నీళ్ళు లేకుండా ఉంది. ఒడ్డున ఇసుకలో చెలమ తవ్వుకుని ఉప్పు నీళ్ళు తాగుతోందట. ఆమె చెయ్యెందుకు పెట్టిందో నాకింకా తెలియదు. కోడిని మాత్రం తీయలేదు. నేనే ఆమెను దొంగను చేశాను.

మా అత్త నా కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. "ఊళ్ళో చెప్పబాక. కొడుకు కోళ్ళు దొంగిలించిన తల్లి అంటారు" అన్నది. ఏం చేయను? చెబితే ఈమె తల ఎత్తలేదు. చెప్పకపోతే ఆమె బతకలేదు.

పేరమ్మ


రాయపురం,
21-8-1961.

అక్కా,

 పడవ బోర్లించమన్నది నేను. ఆమె పేరు మొదట రాసింది నేను. దురాయి నాకు వేయాలి.

ముందు పడవ లేపండి. ఈ కాగితం కింద పెట్టేలోపే లేపండి. తరువాత పెద్దల్లో చెప్పు. నాగులమ్మత్త గౌరవానికి ఏమవుతుందో నాకు తెలియదు. కానీ మగ్దలీనమ్మను ఇక ఒక్క పూట కూడా ఆ చెలమ నీళ్ళు తాగనివ్వకు. మద్రాసు తమ్ముడి తెలివితక్కువ సలహా అని నా పేరే ముందు చెప్పు.

ఇక మీదట నిన్ను అడగకుండా నీకు ఏ సలహా ఇవ్వను.

చిన్నపోలయ్య


మైపాడు,
28-8-1961, సోమవారం.

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం అందిన రోజే పడవను లేపాం. అదే ఎనిమిది మంది వచ్చారు. ఈసారి ఎవరూ మొహాలు చూసుకోలేదు. వెల్లకిలా పెట్టగానే మా అత్త ముక్కు పలకకు పసుపు రాసింది. మీ బావ అరుగు దిగి వచ్చి అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను తలుపు కోసిన చోట పలక బిగించి, రంధ్రం మూసి, పైన మీ బావ పాత వల మూడు మడతలు పరిచి, చుట్టూ తాళ్ళతో లాగి కట్టాను. ఒడ్డున జారిపోయి మళ్ళీ దొరికినదానితో కలిపి మిగిలిన రెండు కోళ్ళు అందులోనే ఉన్నాయి. ముంగిస రెండుసార్లు వచ్చి పోయింది. ఇంత సులువైన గూడు మొదటే తట్టి ఉంటే ఎంత బాగుండేది! ఖర్చు లేని ఇల్లన్నావు, దానికైన ఖర్చు చూశావా?

నిన్న ఆదివారం పెద్దలు కూర్చున్నారు. నేను లేచి, "నా కోళ్ళను మగ్దలీనమ్మ తియ్యలేదయ్యా" అన్నాను. "మరెవరు తీసినారు?" అని పెదకాపు అడిగాడు.  అప్పుడు వెనుక నుంచి మా అత్త జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నడుము నుంచి తాళంచెవి విప్పి ఆయన ముందు ఇసుకలో పెట్టింది. "నేను తీసినా. నా బిడ్డ కోసం గంగమ్మకిచ్చినా. దాని మీద దురాయి ఎత్తి నా మీద ఎయ్యండి" అన్నది.  దురాయి ఎత్తేశారు. ఆమె మీద వేయడానికి పెదకాపుకు నోరు రాలేదు.

అక్కడి నుంచి నేను నేరుగా మగ్దలీనమ్మ గుమ్మం ముందుకు పోయాను. మనిషి సగమైపోయింది. పెదవులు పగిలి ఉన్నాయి. నేనేదో మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి లోపలికి పోయింది. ఒక కుండ తెచ్చి నా ముందు పెట్టింది. నిండా గుడ్లు!

"ఇయ్యి నీ మొగుడియ్యి. రోజుకు రెండు, ఇరవై రెండు రోజులియ్యి. ఆ పొద్దు కూడా పిడికిట్లో ఇదే ఉండింది. కొన్ని మురిగిపోయుంటాయి. నీళ్ళలో ఏసి చూడు, తేలినయ్యి పారెయ్యి" అన్నది.

తమ్ముడూ, పొద్దున్నే రంధ్రం పక్కన రెండు గుడ్లు పడవ అదృష్టం అని నీకు రాశానే, అవి ఆమె కోళ్ళు పెట్టిన గుడ్లు. ఆ చెయ్యి తీయడానికి పెట్టింది కాదు, ఇవ్వడానికి పెట్టింది. ఆ చేతినే నేను పట్టించాను.

"అంతమందిలో అడిగినప్పుడు ఒక్క మాట చెప్పలేకపోయినావా?" అని ఏడ్చాను.

"చెప్తే? మీ అత్త ఎదురుగానే నిలబడుండె. నా చేతి గుడ్డని తెలిస్తే ఆయన్ని తిననిచ్చేదా? మా పంతులికి గుడ్లు పెట్టమని డాక్టరు చెప్పిన రోజు నా దగ్గర ఒక్క కోడి లేదుమే. ఆయన పోయినాక కొన్నా" అన్నది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త ఊపిరి ఆడేది.

గుడ్లు ఇంటికి తెచ్చి తొట్టిలో వేశాను. పందొమ్మిది మునిగాయి. ఇరవై ఐదు తేలాయి. ఆ ఇరవై ఐదూ నా నోటితో నేనే పాడుచేశాను. నిజం తెలిశాక కూడా పన్నెండు రోజులు ఆ ఇంటి గడప తొక్కకుండా నోరు మూసుకున్నాను, అది నీకు కూడా రాయలేదు. తేలిన వాటిని పెరట్లో గొయ్యి తీసి పూడ్చాను. మునిగిన వాటిలో రెండు మా అత్త చేతికిచ్చాను. ఎక్కడివని ఆమె అడగలేదు. ఉడికించి, వలిచి, తన చేత్తోనే కొడుకు నోట్లో పెట్టింది. మీ బావ వద్దనకుండా తిన్నాడు.

ఇక నీ పని మిగిలింది. మగ్దలీనమ్మకు నువ్వు స్వయంగా ఉత్తరం రాయాలి. నాకు రాసే ఉత్తరంలో చివర ఒక ముక్క కాదు, ఆమె పేరున, ఆమె ఇంటికి. కానీ ఒకటి తెలుసుకో. పంతులుగారు రెండు ఊళ్ళ పిల్లలకు అక్షరాలు నేర్పారు గానీ ఇంట్లో ఆమెకు నేర్పలేదు. ఆమెకు చదవడం రాదు. ఈ పాళెంలో ఉత్తరాలు చదివిపెట్టే ఆడది నేనొక్కదాన్నే. నువ్వేం రాసినా ఆమె ఎదురుగా కూర్చుని నేనే పైకి చదవాలి.

ఆ సంగతి గుర్తుపెట్టుకుని రాయి.

నీ అక్క,
పేరమ్మ